ఎల్లవ్వ కవరు, నా సర్టిఫికెట్టు

నిన్న మధ్యాహ్నం నుంచి నా కాళ్ళు నేల మీద నిలవడం లేదు. చదవడం ఎలా నేర్పాలో నేర్పే ఐదు నెలల ట్రైనింగు పూర్తయింది, సర్టిఫికెట్టు చేతికొచ్చింది. మా ఆయన హమీదుద్దీన్‌కి ఇప్పటికి నాలుగుసార్లు చూపించాను. నాలుగోసారి ఆయన, "తహెరున్నీసా, చాయ్ పెడ్తవా, లేకుంటె గీ కాయితమే తాగాల్నా" అన్నాడు. పెట్టలేదు. కోరుట్లలో ఆరేళ్ళు, ఈ దోహాలో ఐదేళ్ళు ఒకటో తరగతికి పాఠాలు చెప్పినదాన్ని. ఇవాళ ఒక్కరోజు ఆయనే పెట్టుకుంటే ఏం పోయింది.

ఈ సర్టిఫికెట్టులో సగం లస్మయ్యది. మా ఆయన కంపెనీలో పైపులు మోసే మనిషి, మా కోరుట్ల పక్క ఊరివాడు. ఈ డెబ్బై తొమ్మిదిలో ఇక్కడ ఎటు చూసినా పైపులే వేస్తున్నారు కాబట్టి అతనికి పనికి కరువు లేదు. పనివాళ్ళ క్యాంపులో అతని గదిలో పన్నెండు మంది, చదువొచ్చినవాడు ఒక్కడు. ఎవరికి ఉత్తరం వచ్చినా ఆ ఒక్కడే మంచమెక్కి పైకి చదువుతాడు. ఎవరి బర్రె ఈనిందో, ఎవరి అత్త అలిగిందో అందరికీ తెలుస్తుంది. అక్కడ అదే మర్యాద. ఉత్తరం దాచుకున్నవాణ్ణి అనుమానంగా చూస్తారు.

ఐదు నెలల కిందట లస్మయ్యకు ఒక కవరు వచ్చింది. ఉత్తరాలు పంచే మా ఆయన దాని వెనక వంకర అక్షరాలు చూసి చదివి వినిపించాడట: "లస్మయ్యే సదువాలె. ఇంకెవ్వలు సదువొద్దు. ఎల్లవ్వ." ఎల్లవ్వ అతని భార్య. ఊళ్ళో రాత్రిబడికి పోయి రాయడం నేర్చుకుంది. ఆ శుక్రవారమే ముషైరిబ్ పేటలోని మా గుమ్మంలో లస్మయ్య ప్రత్యక్షమయ్యాడు.

"టీచరమ్మా, నా పెండ్లాం నన్నే సదువుమన్నది. నాకేమో అక్షరం రాదు. గదిలోళ్ళు ఇప్పు ఇప్పు అని పానం తీస్తున్నరు. నేను ఇప్పలె. మీరు సదువు నేర్పుండ్రి."

"అందాక కవరు ఇప్పవా? తొందర ముచ్చట ఏమన్న ఉంటే?"

"మా తమ్ముని ఉత్తరాలు అస్తనే ఉన్నయ్, అందరు మంచిగనే ఉన్నరు. ఇది వేరే ముచ్చట."

ఆ మాటంటూ ముప్పై ఐదేళ్ళ మనిషి సిగ్గుపడ్డాడు. ఇక కాదంటానా.

ఊరి నుంచి తెచ్చుకున్న ఒకటో తరగతి తెలుగు వాచకం తీశాను. శుక్రవారం శుక్రవారం వచ్చేవాడు. నెలన్నరకే ఇరవై పేజీలు వేలు పెట్టి గడగడా చదివేశాడు. నేను గంతులేయడం ఒక్కటే తక్కువ. సరిగ్గా ఆ వారమే ట్రైనింగులో మా మెహర్ సుల్తానా మేడమ్ ఒక మాట అన్నది: "చదువుతున్నాడో, అప్పగిస్తున్నాడో తెలియాలంటే పేజీ మధ్యలో వేలు పెట్టి అడగండి." భోపాల్ ఆవిడ, తెలుగు ఒక్క ముక్క రాదు, కానీ ఎక్కడ తగలాలో అక్కడే తగిలేట్టు మాట్లాడుతుంది.

ఆ శుక్రవారం లస్మయ్య ముందు పేజీ మధ్యలో వేలు పెట్టాను. అతను కళ్ళు మూసుకుని మొదటి పేజీ నుంచి అందుకుని, అక్కడిదాకా వచ్చి ఆగాడు. ఉత్తరాలు ఒక్కసారి విని కంఠతా పట్టడం అలవాటైన మనిషి, నేను చదివి వినిపించిందంతా అలాగే పట్టేశాడు. పుస్తకం వంక చూసిందే లేదు.

నాకు తల కొట్టేసినట్టయింది. పదకొండేళ్ళుగా నా ముందు గడగడా అప్పగించి పై తరగతికి పోయిన పిల్లలందరూ గుర్తొచ్చారు. ఒళ్ళు మండి ఆ వాచకాన్ని బీరువా మీదికి విసిరేశాను.

ఆ పైన మేడమ్ నేర్పిన చీటీల పద్ధతే పట్టుకున్నాను. లస్మయ్య నోట ఏ మాటొస్తే ఆ మాట చీటీ మీద రాసి, అన్నీ కలిపేసి ముందు పోసేదాన్ని. తట్ట, పార, ఫోర్‌మన్, అతను తొందరపెడుతూ అరిచే యల్లా, ఎల్లవ్వ. వరస ప్రతిసారీ మారిపోతుంది, కంఠతా పడదామంటే కుదరదు. "మస్తు సతాయిస్తున్నరు టీచరమ్మా" అనేవాడు. సతాయించాను. ఒకరోజు తనే చీటీలు పేర్చి, "ఫోర్‌మన్ తట్ట మోసిండు" అని చదివి పడీ పడీ నవ్వాడు. ఆ మాట అతనికి ఎవరూ వినిపించలేదు. నేనూ కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వాను.

నిన్న పరీక్ష. ఒక్కో టీచరూ తాను నేర్పిన ఒకరిని తేవాలి, వాళ్ళు ఎన్నడూ చూడనిది, విననిది చదవాలి. భాష ఏదైనా సరే. అందరూ పిల్లల్ని తెచ్చారు, నేను మీసాల లస్మయ్యను తెచ్చాను. అతని కోసం పది లైన్ల కొత్త కథ కూడా రాసి ఉంచాను. అతను ఆ కాగితాన్ని పక్కకు నెట్టాడు.

"ఇది మీరు రాసింది. నాకు ఎర్కున్న మాటలే పెట్టి ఉంటరు. ఇగ కవరే సదువుత. మీరు జెర బయటికి పోండ్రి."

పైకి చదివితే గాని అతనికి ఇంకా రాదు, నాకేమో తెలుగు వచ్చు, గదిలో ఉంటే అంతా తెలిసిపోతుంది. మేడమ్‌కి సంగతంతా చెప్పాను.

"నువ్వు వినకపోతే సరిగ్గా చదివాడని నాకు చెప్పేదెవరు?" అన్నది.

"నేను వింటే ఆ ఉత్తరం ఆయనది కాకుండా పోతుంది మేడమ్. మీరు ఆయన మొహం చూడండి. నా సర్టిఫికెట్టు పోతే పోయింది."

మేడమ్ తలుపు వైపు చెయ్యి చూపింది. బయటికొచ్చి తలుపేసి, చెవుల్లో వేళ్ళు కూడా పెట్టుకున్నాను. తలుపు అద్దంలోంచి లస్మయ్య వేలు కనిపిస్తోంది. కదిలింది, ఆగింది, వెనక్కి వచ్చింది, మళ్ళీ కదిలింది. ఒక్క పేజీకి పావుగంట పట్టింది. పేజీ సగంలో అతని పెదవులు విచ్చుకున్నాయి. చివర్లో తువ్వాలు మొహాన కప్పుకున్నాడు, భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడేమోనని నా ప్రాణం పోయింది. తువ్వాలు తీస్తే ఏముంది, మొహమంతా నవ్వు.

మేడమ్ నన్ను లోపలికి పిలిచింది. "ఉత్తరంలో ఏముందో అడుగు."

అడిగాను. లస్మయ్య కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, చొక్కా జేబులో పెట్టుకుని, పైన చెయ్యి ఆనించాడు.

"చెప్ప, టీచరమ్మా."

చెప్పనంటున్నాడని మేడమ్‌కి ఉర్దూలో చెప్పాను. ఆవిడ జేబు మీది అతని చెయ్యి వంక చూసి, నా సర్టిఫికెట్టు ముందుకు లాక్కుని పెన్ను మూత తీసింది.