భజన మండలి కోటు

ఆ రోజుల్లో అని మొదలుపెట్టడానికి అవి మరీ పాత రోజులేం కావు. నా నెత్తిన జుట్టు ఇంకా నిండుగా ఉన్న రోజులు, అంతే. నేనూ, మా చిన్నమ్మ కొడుకూ హన్మకొండలో కలిసే దుస్తుల డిజైను కోర్సు చదివాం. వాడు నాకన్నా ఏడాది చిన్న. కుట్టులో, రంగుల్లో, ఓపికలో మాత్రం పెద్ద. ఆ సంగతి నాకు తెలుసు కాబట్టే వాడంటే పడేది కాదు. చదువు కాగానే, పాత నేతతో కొత్త బట్టలు చేసే దుకాణం ఒకటి ప్రదర్శన పెట్టి, మా ఇద్దరిలో ఒక్కరికే పని ఇస్తామంది. వాడు కొత్తవాడలో మద్దెల తాత దగ్గర చేరాడు. (తాతది జంపఖానాల మగ్గం, భజనలో మద్దెల కూడా ఆయనదే.) మగ్గాల కింద పారేసిన నూలు ముక్కలు ఏరి, ముడులు వేసి, నెల రోజుల్లో కోటుకు సరిపడా గుడ్డ నేయించాడు. "పిలగాని చేతుల పనుంది" అని తాత కనబడ్డవాళ్లందరితో అంటుంటే నాకు అన్నం సహించేది కాదు.

ప్రదర్శన వారంలోకి వచ్చింది. నా దగ్గర గుడ్డ లేదు, అసూయ మాత్రం తానులకొద్దీ ఉంది. మా బాపు (నాన్నను అలాగే పిలుస్తాం) భజన మండలి కార్యదర్శి కాబట్టి మండలి జంపఖానా మా అటక మీదే ఉండేది. శ్రీరామనవమికి తప్ప దాన్ని దించరు, నవమి ఇంకా చాలా దూరం. కత్తెర వేశాను. నల్లరంగుతో రాసిన 'భజన మండలి' అక్షరాలు లోపలివైపుకు వచ్చేలా కోటు కుట్టాను. పాతదాన్ని పారేయకుండా వాడుకోవడమే కదా ఇప్పటి ఫ్యాషన్ అని మనసుకు నచ్చజెప్పుకున్నాను. (పాతదే, కానీ నాది కాదు. ఆ ముక్క మనసుకు చెప్పలేదు.)

జంపఖానా కూర్చోవడానికి పుట్టింది, తొడుక్కోవడానికి కాదు. వేదిక మీద ఐదు నిమిషాలకే ఒళ్లంతా చెమట. కోటు విప్పి, లోపలివైపు పైకి తిరిగిందని చూసుకోకుండా, దర్జాగా భుజాన వేసుకున్నాను. హాలంతా ఘొల్లుమంది. నా స్టైలుకే అనుకుని ఇంకో చుట్టు తిరిగాను. రెండో వరుసలోంచి తాత లేచాడు.

"ఓ పిలగా, ఆగు! గది మన మండలి జంపఖాన గాదుర? మేం కూసునేదాన్ని నువ్వు తొడుక్కొని తిరుగుతానవా?"

"పాతదే గద తాతా..."

"నేను సుత పాతోణ్నే. నన్ను గూడ కోస్తవా?"

పని తమ్ముడికే వచ్చింది. సాయంత్రం వాడు మా ఇంటికి వచ్చాడు. ఎగతాళి చేస్తాడని పళ్లు బిగించి కూర్చున్నాను.

"అన్నా, మిగిలిన ముక్కలున్నయా? కోటు సుత విప్పదీసి ఇయ్యి. తక్కువ పడ్డది తాత నేస్తడు, నేను అతుకుత. ఫికర్ జెయ్యకు, నవమికి ఎవ్వరికి ఎర్కగాదు."

(ఊరంతటికీ అప్పటికే ఎరుక.)

ఆ జంపఖానా ఇప్పటికీ నవమికి పరుస్తారు. నేను ఏటా వెళ్లి 'మండలి' అన్న అక్షరాల మీదే కూర్చుంటాను. తప్పుకు ప్రాయశ్చిత్తమని మా ఆవిడతో చెబుతాను. కానీ మద్దెల మోగుతుంటే నా వేలు మెల్లగా అతుకు కోసం తడుముతుంది. ఇన్నేళ్లయినా దొరకలేదు. ఎంత బాగా అతికాడు వెధవ అని కడుపులో ఇంకా కొంచెం మండుతుంది. ఆ వెంటనే నవ్వొస్తుంది, తాళం తప్పుతాను.