ముందు పలకరించని మేడమ్

మేడమ్ పోయారన్న కబురు నేను తాడు మీద ఉండగా తెలిసింది. అలివి వల లాగుతున్నాం. సముద్రంలో విడిచిన ఆ వలకి రెండు కొసలా రెండు తాళ్ళుంటాయి. ఒడ్డున రెండు వరసలుగా నిలబడి ఊరంతా లాగాలి. కాస్త ఆగిన సందులో నా ముందున్నాయన సెల్లు చూసుకొని, "పొందూరు మేడమ్ పోయిందట. అదే, ఇంటింటికీ వచ్చి నీళ్ళడిగీది. నాలుగు రోజుల జ్వరమట" అన్నాడు.

వరస చివర తాడు చుట్ట చుట్టిస్తున్న కులపెద్ద విన్నాడు. ఆయన నాకు బావ వరస. "పోయిందా, పాపం" అన్నాడు. ఆ నోటితోనే, "ఏ ఇంటి గుట్టు దాసిందో గాని, ఊరిని మోసం సేసింది. ఆ గుట్టు కూడా పట్టుకుపోయింది" అన్నాడు.

ఇద్దరు ముగ్గురు నవ్వారు. నేను నవ్వలేదు. ఆ పొద్దు నేనేం చేశానో తరవాత చెప్తాను. ముందు ఆవిడెవరో, ఏం దాచిందో చెప్పాలి. నాకు మాటలు తక్కువ. ఊరి బడిలో అయిదో తరగతి దాకా చదివాను. నా రాతలో తప్పులుంటే దిద్దుకొని చదవండి. ఆవిడని మాత్రం తప్పు పట్టకండి.

ఎనిమిదేళ్ళ కిందట ఓ రోజు తాడు ఒరుసుకొని నా అరచేతి తోలు లేచిపోయింది. రక్తం చూసి మా ఆడది కేకేసింది గాని నాకు తెలీనే తెలీదు. నొప్పి లేదు. వీపు మీద పాలిపోయిన మచ్చ ఒకటుండేది, అదీ అంతే, గిల్లినా తెలిసేది కాదు. శ్రీకాకుళం ఆస్పత్రికి వెళ్తే డాక్టరు చూసి ఆ మాట అన్నాడు. మా వైపు ఆ మాట పైకి అనరు. పెద్దరోగం అంటారు, అది కూడా గొంతు తగ్గించి.

మా చిన్నప్పుడు ఊళ్ళో ఒకాయనకి అదే వచ్చింది. తాడు మీంచి దింపేశారు. ఆయన చెయ్యి పడ్డ మేర తాడు కోసి సముద్రంలో పారేశారు. సరుగుడు తోటలో పాకేసుకొని ఒక్కడూ బతికాడు, ఒక్కడూ పోయాడు. డాక్టరు మాట విన్నాక నాకు ఆ కోసిన తాడే కళ్ళముందు కనిపించింది.

గది బయట బల్ల మీద కూర్చున్నాను. నూలు చీర కట్టుకొని మెళ్ళో కార్డు వేసుకున్న ఒకమ్మాయి వచ్చి నా ముందు నిలబడింది. "తాతా, మీ పక్కన కూకోవచ్చా?" అని అడిగింది. ఆస్పత్రిలో నన్ను మీరు అన్నవాళ్ళు అప్పటిదాకా లేరు. వాళ్ళ బల్ల మీద కూర్చోడానికి నన్ను అడగడమేటి అనుకున్నాను. తలూపాను. అప్పుడు కూర్చుంది.

సోషల్ వర్కర్ అట. ఆ చదువు పూర్తి చేసి కొత్తగా పనిలో చేరిందట. ఏడాది మందు మింగాలని, మందు మొదలెట్టాక నా వల్ల ఇంకెవరికీ రాదని, తాడు లాగొచ్చని, అందరితో కూర్చొని తినొచ్చని నిదానంగా చెప్పింది. నేనడిగింది ఒక్కటే.

"ఊళ్ళో తెలుస్తాదా?"

"నా నోటంట తెలీదు" అంది.

నేను నమ్మలేదు. నోరున్నవాళ్ళందరూ అనే మాటే కదా అది.

వారం తిరక్కుండా మా వీధిలో దిగింది. తిన్నగా నా ఇంటికొస్తుందనుకున్నాను. రాలేదు. వీధి మొదట్లో ఇంటి ముందు చెప్పులు విడిచి, గడప బయట నిలబడి, "రావచ్చా?" అంది. రమ్మన్నాక వెళ్ళి, కూర్చొని, నీళ్ళడిగి తాగింది. వాళ్ళందరి చేతులూ చూసింది, వీపులు చూసింది, పిల్లల టీకాల సంగతి అడిగింది. మళ్ళీ పక్కిల్లు. మళ్ళీ గడప, మళ్ళీ "రావచ్చా?", మళ్ళీ నీళ్ళు. మా వీధిలో ముప్పై గడపలున్నాయి. నాది పంతొమ్మిదోది. నా ఇంట్లో ఎంతసేపుందో ఇరవయ్యో ఇంట్లోనూ అంతసేపే ఉంది.

నా గ్లాసు వేరే పెట్టుకున్నాం అప్పటికి, గూట్లో. మా ఆడది వేరే గ్లాసుతో నీళ్ళు తెస్తుంటే, "ఆ గూట్లో గ్లాసుతో ఇవ్వండమ్మా" అంది. మా ఆడది నా వైపు చూసి, దాంతోనే ఇచ్చింది. మేడమ్ తాగి, గ్లాసు తీసుకెళ్ళి మిగతా గిన్నెల పక్కన పెట్టింది. ఆ పొద్దు నుంచి ఆ గ్లాసు మళ్ళీ గూట్లోకి పోలేదు.

నెల నెలా అలాగే. ఒక్క ఇంటికి మందు ఇవ్వడానికి ముప్పై ఇళ్ళు తిరిగేది. పక్కింట్లో ఉంటుంది మా అప్ప, అంటే అక్క వరస, నా కంటే నాలుగేళ్ళు పెద్దది. చేపల గంప మోసి మోసి మెడ గట్టిపడ్డ మనిషి. అప్ప నవ్వేది. "ఓలమ్మా, ఈ పిల్లకి ఏటి ఇంత దాహం? పొందూరులో నుయ్యి ఎండిపోయినాదేటి?"

"మీ ఊరి నీళ్ళు బాగున్నాయప్పా" అనేది మేడమ్. మా ఊరి నీళ్ళు ఉప్పు. అందరికీ తెలుసు.

మందుకి ఒళ్ళు నల్లబడింది. ఎండ అన్నాను. గంగపుత్రుడికి ఎండ అంటే ఎవరు కాదంటారు?

ఓసారి శ్రీకాకుళం బస్టాండులో మేడమ్ ఎదురైంది. నా పక్కన ఊరివాళ్ళు ఇద్దరున్నారు. నన్ను చూసి కూడా చూడనట్టు నా భుజం మీంచి బస్సు బోర్డు చదువుకుంటూ పోయింది. చదువుకున్నోళ్ళింతే, ఇంట్లో తాత, బజార్లో ఎవరో అనుకున్నాను. పై నెల వచ్చినప్పుడు నేను మొహం తిప్పుకుంటే ఆవిడే చెప్పింది.

"తాతా, బయట నేను ముందు పలకరించను. మీరు పలకరిస్తే పలుకుతాను. నేను పలకరిస్తే, ఈవిడెవరు, నీకెలా తెలుసు అని మీ పక్కోళ్ళు అడుగుతారు. అప్పుడు మీరు అబద్ధమాడాల. నా మూలాన మీరెందుకు అబద్ధమాడాల?"

ఆ నేమం ఎలా వచ్చిందో కూడా చెప్పింది. చదువుకునే రోజుల్లో ఊళ్ళమీద తిరిగి పని నేర్చుకోవాలట వాళ్ళు. అప్పుడొక సంతలో, తనకి తెలిసిన రోగి కనిపిస్తే సంతోషం పట్టలేక, "ఏటక్కా, మందులేసుకుంటన్నావా?" అని కేకేసిందట. పక్కన అత్తగారుంది. ఆ వారమే ఆ అక్కని పుట్టింటికి పంపేశారు. ఊరూ పేరూ నాకు చెప్పలేదు, నేను అడగలేదు.

"ఆ ఏడు నాకు మార్కులు బాగా వచ్చాయి తాతా. డిగ్రీ కాగితం సేతికొచ్చింది. ఆవిడకి ఇల్లు పోయింది" అంది. ఏడవలేదు. చేతిలో గ్లాసు మాత్రం చాలాసేపు తిప్పుతూ కూర్చుంది.

మందు బాగా పట్టిందన్న నెలలో నేను మంచి వంజరం ఒకటి ఆకులో చుట్టి ఇచ్చాను. తీసుకోలేదు. నాకు కోపమొచ్చింది. "నా సేతి సేప అనా?" అన్నాను. "కాదు తాతా. ఇయ్యాల మీరిస్తారు. రేపు ఇవ్వలేనోళ్ళు నన్ను సూసి సిగ్గుపడతారు" అంది. తరవాత నవ్వి, "మా ఇంట్లో కూడా చేపుంటాది లెండి, తినడానికి కాదు" అంది. పొందూరులో వాళ్ళమ్మ దూది ఏకడానికి వాలుగ చేప దవడ వాడుతుందట. సన్న పళ్ళుంటాయట, దువ్వెన కంటే మెత్తన. సముద్రంలో పుట్టి పెరిగినోణ్ణి, చేపతో బట్ట పుడుతుందని ఆవిడ చెప్తేనే తెలిసింది.

ఇంక రెండు నెలల మందు మిగిలుండగా ఊళ్ళో పుకారు లేచింది. పెద్దరోగం ఎవరికో ఉందని, ఈ నీళ్ళ మేడమ్ తిరగడం అందుకేనని. ఎవరు లేపారో తెలీదు. వలల పాక దగ్గర బావ మేడమ్‌ని పిలిపించాడు. యాభై మందిమి ఉంటాం. నేను చిరిగిన వల కుడుతూ బావకి మూడో మనిషిగా కూర్చున్నాను.

"ఎవరికి, ఏ ఇల్లు, పేరు సెప్పు" అన్నాడు బావ.

"ఆ పేరు నాది కాదండి, సెప్పడానికి."

"మరెవరిది?"

"ఆ మనిషిది."

"ఆటోకి లైసెన్సున్నాది, పడవకి లైసెన్సున్నాది. మా ఇళ్ళలోకి దూరడానికి నీకేటి లైసెన్సున్నాది?"

అందరూ నవ్వారు. మేడమ్ కూడా కొంచెం నవ్వింది. "డాక్టర్లకి, లాయర్లకి ఇస్తారు. మా పనికి ఈ దేశంలో ఇంకా ఎవరూ ఇవ్వట్లేదండి. మీ గడప బయట నిల్సుంటాను. రమ్మంటే వస్తాను, వద్దంటే ఎల్లిపోతాను. నాకున్న లైసెన్సు అదే."

"అయితే వద్దంటన్నాం. ఇంక ఈ ఊర్లో కాలెట్టకు."

"అలాగేనండి" అంది. వెళ్ళేముందు అందరి మొహాలూ వరసగా చూసింది. నన్ను కూడా, అందర్నీ చూసినట్టే, అంతసేపే. నా దగ్గర ఒక్క లిప్త ఎక్కువ ఆగినా, నన్ను దాటేసి చూసినా, నా పని అక్కడితో సరి. నా సూది ఆగలేదు. నేను నోరెత్తలేదు.

ఊరు పిటిషన్ పెట్టింది. పేరు రాసిచ్చి ఊరిని చల్లబరచమని పైవాళ్ళు మేడమ్‌కి చెప్పారట. రాసివ్వలేదు. ఆవిడది ఏటా తిరగరాసే కొలువు. ఆ ఏడు తిరగరాయలేదు. ఈ సంగతి నాకు ఆస్పత్రిలో తెలిసింది, మందుకి వెళ్ళినప్పుడు. మేడమ్ తన బల్ల సర్దుకుంటోంది.

"నేను సెప్పేస్తాను. ఆ మనిషిని నేనే అనీస్తాను" అన్నాను.

మేడమ్ లేచి తలుపు దగ్గరగా వేసింది. "మీకు సెప్పాలనిపించిన్నాడు సెప్పండి తాతా. నా ఉద్యోగం కోసం సెప్పొద్దు. మీ గుట్టుతో నా కొలువు నిలబెట్టుకుంటే, రేపు ఇంకో ఇంట్లో నీళ్ళెలా అడుగుతాను?"

తరవాత నా కాగితం చూపించి, "దీన్ని ఇంకొకళ్ళకి అప్పజెప్పాల. ఇమ్మంటారా?" అని అడిగింది. ఇల్లు కూలిపోతున్నప్పుడు కూడా గడప దగ్గర ఆగి అడిగే మనిషి. ఇమ్మన్నాను.

మందు పూర్తయింది. రోగం పోయింది. ఎడమచేతి రెండు వేళ్ళు మాత్రం కొంచెం వంగిపోయాయి. తాడు పట్టుకొని పట్టుకొని అలా అయ్యాయన్నాను. ఎవరూ మళ్ళీ అడగలేదు.

మేడమ్ నెల్లిమర్ల వైపు ఏదో చిన్న సంస్థలో చేరిందని విన్నాను. రెండేళ్ళ కిందట విజయనగరం బస్సుల దగ్గర కనిపించింది. చిక్కిపోయింది. చేతిలో నీళ్ళ సీసా. నన్ను చూసింది. ఎప్పట్లాగే నా భుజం మీంచి చూసుకుంటూ నడిచింది, కాని అడుగు కొంచెం తగ్గించింది. "మేడమ్, బాగున్నారా" అనాలి, అంతే. మూడు మాటలు కూడా కావు. నా పక్కన బావ ఉన్నాడు. నేను అనలేదు. ఆవిడ దాటిపోయింది.

సిగ్గు అనుకున్నాను ఇన్నాళ్ళూ. నాకు చిన్నప్పట్నుంచీ సిగ్గే కదా అని. సిగ్గు కాదది, పిరికితనం. అది నాది. గుట్టు దాచడం ఆవిడ పని, ఆవిడ పని ఆవిడ చేసింది. గుట్టు నాది, దాన్ని విప్పే పని నాది. నేను చెయ్యలేదు.

ఇప్పుడు తాడు దగ్గరికి వస్తాను. ఊరిని మోసం చేసింది అన్నాడు కదా బావ. నేను తాడు వదల్లేదు.

"బావా, ఆ ఇల్లు నాదే" అన్నాను.

"ఏ ఇల్లు?"

"మేడమ్ దాసిన ఇల్లు. పెద్దరోగం నాకే వచ్చింది. మందు మింగాను, పోయింది. అప్పుడూ ఇప్పుడూ నీతోపాటు ఈ తాడే లాగతన్నాను. నీ సెయ్యి బాగానే ఉన్నాది కదా, సూసుకో."

బావ నిజంగానే చెయ్యి చూసుకున్నాడు. వరసలో చాలామంది చూసుకున్నారు. నలుగురు తాడు వదిలేశారు. తాడు సడలింది. వల ఇంకా నీళ్ళలోనే ఉంది, మిగతావాళ్ళూ వదిలితే చేపంతా పోతుంది. అప్పుడు గంపల దగ్గర్నుంచి మా అప్ప వచ్చింది. డెబ్బై దాటిన మనిషి. చీర కుచ్చిళ్ళు దోపుకొని నా వెనక, సరిగ్గా నా చేతుల పక్కన, తాడు పట్టుకుంది.

"ఏటి గుడ్లప్పగించి సూస్తన్నారు? లాగండి" అంది. ఆ తరవాత నాకు మాత్రమే వినిపించేలా, "నీ కోసమేరా ఆ పిల్ల నా ఇంట్లో ఉప్పునీళ్ళు తాగింది?" అంది. నేను తలూపాను. అప్ప ముక్కు చీదుకొని లాగింది.

వల ఒడ్డుకొచ్చింది. బావ నన్ను పక్కకి పిలిచి, రేపట్నుంచి తాడు మీదికి రావద్దన్నాడు. మర్నాడు వెళ్ళాను. ఆ మర్నాడూ వెళ్ళాను. ఇవాళ కూడా వెళ్ళొచ్చాకే ఇది రాస్తున్నాను. నన్ను దించాలంటే చెయ్యి పట్టుకొని దించాలి. పట్టుకోడానికి భయం వాళ్ళకి. భయపడనీ. ఈ తాడు మీద నా చోటు ఎవరో ఇచ్చింది కాదు, ఒకరు తీసేసేదీ కాదు.

మేడమ్ దినం నాడు పొందూరు వెళ్ళాను. వాకిట్లో చాపల మీద జనం నిండుగా ఉన్నారు. చెప్పులు విడిచి గడప బయట నిలబడి, "రావచ్చా?" అన్నాను. వాళ్ళమ్మ తలెత్తి చూసింది. "రండి నాన్నా, ఎవరు మీరు?" అంది.

"మేడమ్ నా గురించి ఎప్పుడైనా సెప్పారా?"

"అది ఎవరి గురించీ ఏటీ సెప్పీది కాదు నాన్నా. ఎక్కడికెల్లొచ్చినావే అంటే, నీళ్ళు తాగొచ్చినానమ్మా అనీది" అంది. లోపలికెళ్ళి నాకు గ్లాసుతో నీళ్ళు తెచ్చింది. వంగిన వేళ్ళతోనే అందుకున్నాను, దాచకుండా. అవి తియ్యటి నీళ్ళు. పొందూరులో నుయ్యి ఎండిపోలేదు.

గోడ పక్కన కుర్చీలో మేడమ్ ఫొటో ఉంది. ఆ కళ్ళు ఎప్పట్లాగే నా భుజం మీంచి ఎటో చూస్తున్నాయి. దగ్గరికెళ్ళి నిలబడ్డాను.

"మేడమ్, బాగున్నారా" అన్నాను, అందరికీ వినబడేలా.

చాపల మీద వాళ్ళంతా మాటలాపి నా వైపు తిరిగారు. ఈ ముసలోడెవరు, ఈవిడ ఇతనికెలా తెలుసు అన్నట్టు చూశారు.

చూడనీ. అడిగితే చెప్తాను.