నాలుగో గిన్నె చెప్పిన కబురు

మొన్న మా పాల కంపెనీలో రెండు వారాలపాటు తిరునాళ్ల జరిగింది. పల్లెల నుంచి పాలు తెచ్చే ట్యాంకర్లు ఎక్కడున్నాయో, లోపల పాలు ఎంత చల్లగా ఉన్నాయో, ప్రొద్దుటూరు ఆఫీసులో గోడమీది తెర మీద క్షణక్షణానికీ కనబడాలట. అందుకో సాఫ్ట్‌వేరు కొనాలి. మూడు కంపెనీలవాళ్లు వరసగా వచ్చి రంగురంగుల గీతలు చూపించారు. మొదటాయన గీతలు మెరిసేవి కూడా. మా మేనేజరు వాటికే పడిపోయాడు. ఆయనకు పెళ్లికి పోయినా సీరియల్ లైట్లే నచ్చుతాయి.

ఎంపిక మాత్రం నా నెత్తిన పెట్టారు. ముగ్గురినీ నేను ఒకే ప్రశ్న అడిగాను. "పులివెందుల దారిలో సిగ్నలు పోయి, ట్యాంకరు నుంచి గంటసేపు ఏమీ రాలేదనుకోండి. అప్పుడు మీ తెర ఏం చూపిస్తుంది?"

"చివర వచ్చిన అంకెనే చూపిస్తూ ఉంటుంది మేడమ్, తెర ఎప్పుడూ ఖాళీగా ఉండదు" అన్నాడు మెరిసే గీతలాయన, ఛాతీ విరుచుకొని. రెండో ఆయన సున్నా చూపిస్తామన్నాడు. మూడో ఆయన కాస్త నసిగాడు. "గంట నుంచి కబురు లేదని ఎర్రగా చూపిస్తుంది మేడమ్. చూడ్డానికి బాగుండదనుకుంటే దాచేయొచ్చు."

"దాచొద్దు నాయనా, నాక్కావలసింది అదే" అన్నాను. మేనేజరు ముఖం మాడ్చుకున్నాడు. అదే ఎందుకని ఆయన అడిగితే మా అమ్మ క్యారియరు సంగతి చెప్పాల్సి వచ్చింది.

అవి కక్షల రోజులు. ఊరికి రెండు పార్టీలు, పార్టీకో వీధి. పెళ్లిపత్రికలు పంచాలన్నా ఏ వీధి నుంచి మొదలుపెట్టాలో ఆలోచించుకోవలసిన కాలం. నేను అప్పుడే డిగ్రీ ముగించి ప్రొద్దుటూరులో ఒక కేబుల్ ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చునేదాన్ని. సినిమా నడుస్తుంటే తెర కింద "మిక్సీలు రిపేరు చేయబడును" అని పాకే అక్షరాలున్నాయే, అవి నా చేతి చలవే. ఆఫీసు యజమాని అమ్మకు వరసకు తమ్ముడు, నాకు మామ. ఎన్నికలు దగ్గరపడగానే మామకు పూనకం వచ్చింది.

"పాపా, ఈసారి పోలింగు మన తెర మీద లైవుగా పోవల్ల."

"లైవంటే ఎట్ల మామా? మనకుండేది ఒకే కెమెరా, అదీ పెళ్లిళ్లది."

"రాతలతోనే లైవు. ఏ ఊర్లో ఏం జరుగుతాందో గంటగంటకూ కింద పాకించు."

కబురు ఏ దారిన రావాలన్నదాని మీద మూడురోజులు కొట్లాడుకున్నాం. పార్టీ ఆఫీసులవాళ్లే ఫోన్ చేసి చెప్తారులే, మనకు శ్రమ లేదని మామ. "రెండు పార్టీలూ ఓట్లన్నీ మాకే పడినాయంటే, ఊర్లో జనం రెండింతలు కావల్ల మామా" అన్నాను. సాయంత్రం మా ఇంటికొచ్చి టీ తాగుతూ మామ అమ్మను అడిగాడు. "బస్సు కండక్టర్లను అడగండి. నిదానమైనా చూసిందే చెప్తారు" అంది అమ్మ. లైవంటే బస్సులో వస్తుందా అని నేను నవ్వేశాను. ఊరికో ఎస్టీడీ బూత్ పట్టుకొని, దాని యజమాని గంటకోసారి మాకు ఫోన్ చేసేటట్టు ఏర్పాటు చేశాను. ఆ ఎంపిక నాదే. దాని పాపమూ నాదే.

ఈలోగా మా నాయనకు ఎన్నికల డ్యూటీ పడింది. మాది ముత్తాత కాలం నుంచీ మిషన్ బడుల్లో పంతుళ్ల కుటుంబం. పిల్లలు గట్టిగా అరిస్తేనే తలపట్టుకునే మనిషిని, జమ్మలమడుగు అవతల ఒక ఊరికి పోలింగు అధికారిగా వేశారు. అంతకుముందు ఎన్నికల్లో బాంబులు పడిన ఊరది. ఆర్డరు చూసి అమ్మ పొయ్యి ఆర్పేసి వచ్చింది.

"ఆయప్ప ఆడికి పోయి తిరిగొస్తాడా?" అంది. ఆ నాలుగు రోజులూ అమ్మ నోట వేరే మాట లేదు. ప్రార్థనలోనూ అదే.

పోలింగు నాటి పొద్దున నాలుగు గిన్నెల క్యారియరు కట్టి పది గంటల బస్సు కండక్టరు చేతికిచ్చింది. మా దిక్కు అది మామూలే. పల్లెలో పనిచేసే సారోళ్లకు అన్నం బస్సులో పోతుంది, ఖాళీ క్యారియరు తిరుగు బస్సులో రెండింటికి వస్తుంది. మొదటి గిన్నెలో సంగటి, తర్వాత పప్పు, మజ్జిగ. నాలుగో దాంట్లో చెనిక్కాయల ఊరిమిండి, అంటే వేరుసెనగల కారప్పచ్చడి. నాయనకు కడుపులో పుండు, కారం ముట్టడు. అయినా గిన్నె ఖాళీగా పంపకూడదని అమ్మ పట్టు. నాయన మూడు గిన్నెలు శుభ్రంగా కడిగి, నాలుగోది ముట్టకుండా పంపేవాడు. సాయంత్రం ఆ ఊరిమిండి మా పిల్లల పాలయ్యేది.

లైవు బ్రహ్మాండంగా మొదలైంది. ఫోన్లు మోగుతున్నాయి, నేను టకటకా కొడుతున్నాను, అక్షరాలు పాకుతున్నాయి. పదకొండుకు నాయన ఉన్న ఊరి నుంచి ఫోన్. "పోలింగు ప్రశాంతం, ఆడోళ్లు బారులు తీరినారు." అది కొట్టి గుండె నిండా గాలి పీల్చుకున్నాను. ఆ తర్వాత ఆ ఊరి ఫోన్ రాలేదు. మిగతా ఊళ్ల హడావుడిలో నేను పట్టించుకోలేదు. మా కంప్యూటరు ఎట్లాంటిదంటే, ఒకసారి కొట్టిన మాట మనం తుడిపేదాకా తిరుగుతూనే ఉంటుంది.

రెండున్నరకు అమ్మ ఎండలో నడుచుకుంటూ నేరుగా ఆఫీసులోకి వచ్చింది. చెమటకు రవిక తడిసిపోయింది.

"మీ నాయన ఊర్లో ప్రశాంతమని ఎవరు చెప్పినారు?"

"ఎస్టీడీ బూత్ ఆయన ఫోన్ చేసినాడుమా."

"ఎప్పుడు?"

"పదకొండుకు."

"ఇప్పుడు టైం ఎంత?"

గోడ గడియారం వైపు చూశాను. "పదకొండు గంటల మాటను రెండున్నరకు గూడా ప్రశాంతం, ప్రశాంతం అని తిప్పుతాండావే! రెండు గంటల బస్సు రాలే. క్యారియరు రాలే. నీ టీవీని చూసి నేను అరగంట కూచున్యా, తెలుసునా?" అంది అమ్మ. ఆ ఊరికి ఫోన్ చేశాను. లైను చచ్చిపోయింది.

వెంటనే ఆ మాట తుడిపేసి, "పదకొండు గంటల తర్వాత ఈ ఊరి కబురు లేదు" అని కొట్టాను. మామ లబలబలాడాడు. "ఏంది పాపా ఇది! చూసే ఆడోళ్లు భయపడరా?"

"ఇదో, ఒకాయమ్మ భయపడే వచ్చింది మామా" అన్నాను. అమ్మ బస్టాండుకు ఫోన్ చేయించి, క్యారియరు వస్తే ఇక్కడికే పంపమంది.

నాలుగు దాటాక కండక్టరే తెచ్చాడు. "వచ్చేటప్పుడు దోవలో రాళ్లేసినారక్కా, బస్సు నిలబడిపోయింది. బాంబులేసినారంట. ఎవరో పరిగెత్తుకుంటా వచ్చి క్యారియరు ఇచ్చిపోయినాడు."

"సారును చూసినావా?"

"లేదక్కా. బడి దిక్కు పోలీసులు ఎవర్నీ పోనీలే."

అమ్మ నేల మీదే కూర్చొని క్యారియరు విప్పింది. మొదటి గిన్నె ఖాళీ, కడగలేదు. రెండోది కడగలేదు, మూడోదీ అంతే. పాతికేళ్లలో నాయన కడగని గిన్నె పంపింది లేదు. నాకు ఏడుపు ఆగలేదు. అప్పుడు నాలుగో గిన్నె మూత తీసింది. లోపల ఊరిమిండి మెతుకంత కూడా లేదు. గిన్నె చుట్టూ లావు వేళ్లతో తుడుచుకు తిన్న గీతలు.

అమ్మ ఆ గిన్నెను వెలుతురుకు పెట్టి తిప్పితిప్పి చూసింది. "మీ నాయన దీంట్లో వేలు పెట్టడు. నాలుగైదు చేతులు పడినాయి" అంది మెల్లగా. తర్వాత ఒక్కసారిగా, "కొట్టుకుండేటోళ్లు కూచొని గిన్నె నాకరు గదనే! ఆయప్ప బాగుండాడు! దేవునికి స్తోత్రం!" అని ఏడుస్తూనే నవ్వింది. మామ ఆ గిన్నెను కూడా లైవులో పాకిద్దామన్నాడు. ఇద్దరం కలిసి కసిరాం.

మరుసటి పొద్దున నాయన దుమ్ము కొట్టుకొని వచ్చాడు. బాంబుల మోత వినగానే బడి తలుపు గడియ పెట్టేశాడట. లోపల ఓట్ల పెట్టె, నాయన, రెండు పార్టీల ఏజెంట్లు. ఒకరింట్లో ఒకరు మంచినీళ్లు కూడా ముట్టనివాళ్లు. రెండు గంటలు గోడలు చూస్తూ కూర్చున్నారు, కడుపులు కాలుతున్నాయి. నాయన క్యారియరు మధ్యలో పెట్టి, "ఇది మీ ఇంటిదీ కాదు, వాళ్లింటిదీ కాదు. తినండప్పా" అన్నాడట. ఒక గిన్నెలోనే చేతులు పెట్టారు. ఊరిమిండి దగ్గర మాత్రం మళ్లీ కొట్లాట వచ్చేట్టుందని నాయన నవ్వాడు. పోలీసులు రాగానే వాళ్లలో ఒకడే క్యారియరు పట్టుకొని బస్సుకు పరిగెత్తాడట.

మేమంతా పగలబడి నవ్వుతున్నాం. అమ్మ ఒక్కతే ఆగిపోయింది.

"మరి నువ్వేం తింటివి?"

నాయన తల గోక్కున్నాడు. "వాళ్లు ఆకలి మీదుండ్రి... నిన్న పొద్దున టీ తాగినాలే."

అమ్మ ఖాళీ గిన్నెల వంక చూసింది. "అన్నీ చెప్పిన గిన్నె ఇది చెప్పలేదే" అని నెత్తి కొట్టుకుంది.

తర్వాతి ఎన్నికలకూ నాయనకు డ్యూటీ పడింది. అమ్మ రెండు క్యారియర్లు పంపింది. ఒకదాని మూత మీద సుద్దముక్కతో "సారుకు మాత్రమే" అని రాసింది. రెండు గంటల బస్సుకు రెండూ వచ్చాయి. రెండూ ఖాళీ, రెండూ తళతళ కడిగినవి. అమ్మ వాటిని ముందేసుకొని చాలాసేపు చూసింది, ఏమీ తేలలేదు. నాయన గడప తొక్కగానే అడిగింది.

"తిన్న్యావా?"

"తిన్న్యా" అన్నాడు నాయన. అమ్మ ఆయన ముఖంలోకి ఒక క్షణం చూసి, లోపలికి పోయి ఎసరు పెట్టింది.