మా మేడ మీది వేడినీళ్ళూ, చలిదేశపు పుస్తకమూ

అచ్చులో కనబడిన మాట తప్పయ్యే వీల్లేదని నమ్మే వయసొకటి ఉంటుంది. నాకది పద్దెనిమిదో ఏట వచ్చింది, ఇంటర్‌లో లెక్కలు తప్పి ఇంట్లో కూర్చున్న ఏడాది. కోటబొమ్మాళిలో మా ఉమ్మడి కుటుంబానికి బట్టల కొట్టు ఉండేది. కొట్లో కూర్చోమంటే నాకు తలనొప్పి వచ్చేది, లైబ్రరీకి వెళితే తగ్గిపోయేది. (ఈ వైద్యాన్ని ఇంట్లో ఒక్కరూ నమ్మలేదు.) రెండు గదుల ఆ లైబ్రరీలో కథల బీరువా ఆరు నెలల్లో అయిపోయింది. తరువాత పశువుల జబ్బులు, కుట్టుపని, తేనెటీగల పెంపకం కూడా అయిపోయాయి. చివరికి మిగిలింది, రిటైరైన రైల్వే ఇంజనీరొకాయన ఇచ్చి వెళ్ళిన అట్టపెట్టె. అందులో అట్ట ఊడిన ఇంగ్లీషు పుస్తకమొకటి దొరికింది. మంచు కురిసే దేశాల్లో ఇంటి అడుగున బాయిలర్ పెట్టి, వేడినీళ్ళని గొట్టాల్లో గదిగదికీ తిప్పి, ఇల్లంతా వెచ్చగా ఎలా ఉంచుతారో, అది మొరాయిస్తే ఎలా బాగుచేసుకుంటారో అందులో బొమ్మలతో సహా ఉంది. మాఘమాసంలో కూడా ఫాను ఆపని ఊళ్ళో ఆ పుస్తకం ఎవరికి కావాలి? నాకు కావాలి. నిఘంటువు పక్కన పెట్టుకుని, పరీక్షకైనా చదవనంత శ్రద్ధగా చదివాను.

అదే ఏడాది మా పెదనాన్న మేడ మీద సోలార్ హీటరు పెట్టించాడు. మా వీధికంతటికీ అదే మొదటిది. ఎండకి నీళ్ళు కాగి, మూడు స్నానాల గదుల్లోనూ కుళాయి తిప్పితే పొగలు కక్కుతూ వచ్చేవి. కొట్టుకొచ్చిన వాళ్ళకి చీరల కన్నా ముందు దాన్ని చూపించేవాడు. ఆయన కూతురు, మా అక్క, పురిటికి పుట్టింటికొచ్చింది. ఆడపిల్ల పుట్టింది. పదకొండో రోజున పురిటిస్నానం, దానికి పాతపట్నం నుంచి అక్క అత్తవారు వస్తున్నారు. "మా ఇంట్లో బాలింతకి నీళ్ళు కాసే పనే లేదు బావగారూ, తిప్పితే సాలు" అని పెదనాన్న ఫోన్లో వియ్యంకుడికి మూడుసార్లు చెప్పాడు. సరిగ్గా పదో రోజు పొద్దున్న కుళాయి తిప్పితే రెండుసార్లు దగ్గి, బొట్టు కూడా రాల్చకుండా ఊరుకుంది.

ఊళ్ళో గొట్టాల పనికి ఒక్కడే దిక్కు, స్పానరు మావ. (జేబులో దువ్వెన ఉండాల్సిన చోట స్పానరు ఉండేది.) మేడెక్కి, ట్యాంకు మీద చెవి ఆనించి, తట్టి చూసి, "లోపల గుల్లయిపోనాది బాబూ. కొత్తది దించుకోవాల. సరుకు రావాలంటే వారం పడతాది" అన్నాడు. పెదనాన్న మొహం పాలిపోయింది. పెద్దమ్మ మాత్రం "పెరట్లో కట్టెల పొయ్యి లేదేటి, డేగిసా లేదేటి, కాసి పోస్తే పిల్లకి వేడి తగల్దా?" అంది. ఆ సలహా ఆయన్ని ఇంకా కుంగదీసింది. అప్పుడు నేను నోరు తెరిచాను.

"ట్యాంకు బానే ఉన్నాది పెదనాన్నా. గొట్టాల్లో గాలి సిక్కుకుంది. పుస్తకంలో రాసుంది."

"ఏ పుస్తకమే?"

"చలిదేశాల్లో ఇల్లు వెచ్చగా ఉంచుకునే పుస్తకం."

అందరూ నవ్వారు. నెత్తి మీద చెమట తుడుచుకుంటున్న స్పానరు మావ కూడా నవ్వాడు. "లెక్కలు తప్పిన గుంట లెక్సరు సెప్తన్నాది" అని పెదనాన్న అనగానే నాకు చెవులు వేడెక్కాయి. (మా వైపు ఆడపిల్లని గుంట అంటారు.) "సాయంత్రంలోగా నీళ్ళు తెప్పిస్తాను" అన్నాను. "రాకపోతే?" అన్నాడాయన. "నువ్వే సెప్పు." "రాకపోతే ఆ లైబ్రరీ కార్డు నా సేతిలో ఎట్టి, రేపట్నుంచి కొట్లో కూకోవాల. తలనొప్పీ లేదు, కాలునొప్పీ లేదు." పౌరుషానికి పోయి సరేనన్నాను. ఒప్పుకున్న తరువాత గానీ గుర్తు రాలేదు, ఆ పుస్తకంలో ఇంకా రెండు అధ్యాయాలు చదవలేదని.

మొదట బొమ్మలో చూపించిన చిన్న తాళంచెవి కోసం వెతికాను. ఆ దేశంలో దాన్ని తిప్పితే గాలి బుస్సుమని పోతుందట. మా ఇంట్లో అలాంటిది లేదు. తరువాత కింది గదిలో మావ జేబులోని స్పానరుతో ఒక బిగింపు వదులు చేశాను. రాత్రి పెట్టిన కాటుక పొద్దున్న కడిగితే వచ్చేంత నల్లటి నీళ్ళు చెంబెడు నా మొహానా, చేతిలో పుస్తకం మీదా కొట్టి ఆగిపోయాయి. అక్క మంచం మీద బిడ్డని పక్కన పడుకోబెట్టి, నవ్వు ఆపుకోలేక కుట్లు పట్టుకుంది. "మానేసీవే సెల్లీ, కొట్లో ఫానుంటాది కదా" అని ఓదార్చింది. అలాంటి ఓదార్పు మనిషిని మొండి చేస్తుంది. మూడు గదుల్లోనూ కుళాయిలన్నీ తెరిచి వదిలేసి, పుస్తకం చంకలో పెట్టుకుని, స్పానరు మావని వెంటబెట్టుకుని మేడెక్కాను. నిప్పుల్లాంటి గచ్చు మీద కాళ్ళు మార్చి మార్చి నిలబడి మళ్ళీ చదివాను. గాలి ఎప్పుడూ అన్నిటి కన్నా ఎత్తయిన చోటికి చేరుతుంది, దాన్ని అక్కడే వదలాలి. తలెత్తి ఎత్తయిన చోటు ఏదో చూశాను. ట్యాంకు నెత్తిన నిలువుగా లేచిన సన్నటి గొట్టం. దాని కొసన, సున్నపు బొట్ల కళ్ళతో, పళ్ళికిలించి నన్నే చూస్తూ బోర్లించిన నల్లటి దిష్టికుండ!

అది గాలి పోయే గొట్టం. కూతురు పురిటికి రాగానే పెద్దమ్మకి ఊరి కళ్ళ భయం పట్టుకుంది. దిష్టికుండ ఎంత ఎత్తున ఉంటే అంత మంచిదని, మేడ మీద అన్నిటికన్నా ఎత్తుగా కనబడిన గొట్టానికి బోర్లించింది. గాలికి రెండుసార్లు పడిపోతే, మూడోసారి మేస్త్రీని పిలిచి చుట్టూ సిమెంటు పెట్టించేసింది. అప్పట్నుంచీ పోయే దారి లేక గాలి గొట్టాల్లో పోగుపడుతూ వచ్చింది. అంత గట్టిగా మా ఇంటి పునాదికైనా పెట్టలేదు.

"మావా, నిచ్చెన పట్టుకో. సుత్తి ఇయ్యి" అన్నాను. స్పానరు మావ కుండని చూశాడు, నన్ను చూశాడు, వెనకనుంచి ఆయాసపడుతూ ఎక్కి వస్తున్న పెద్దమ్మని చూశాడు.

"ఓలమ్మో! దాని మీద సెయ్యేసినావంటే సూడు! పసిగుడ్డు ఇంట్లో ఉన్నాదే!"

"పెద్దమ్మా, అది ఊళ్ళోవాళ్ళ కళ్ళని ఆపుతన్నాదో లేదో నాకు తెల్దు. మన నీళ్ళని మాత్రం ఆపుతన్నాది."

"పిల్లకేటైనా అయితే?"

ఈ ప్రశ్నకి పుస్తకంలో జవాబు లేదు. అబద్ధం ఎందుకు చెప్పాలి, నాకూ భయమేసింది; చుట్టూ చూశాను. "పక్కనే టీవీ డిష్షు రాడ్డుంది. ఇంతకన్నా పెద్ద కుండ దానికి కడతాను. బొట్లు నువ్వే ఎట్టు" అన్నాను. పెద్దమ్మ రాడ్డు ఎత్తూ గొట్టం ఎత్తూ కళ్ళతో కొలిచింది. "రాడ్డే జానెడు ఎత్తున్నాది" అని గొణిగి, మొహం అటు తిప్పుకుంది. అంతకన్నా అనుమతి ఏం కావాలి? నాలుగు దెబ్బలకి కుండ పగిలింది, ఆరో దెబ్బకి సిమెంటు ఊడింది. గొట్టం ఎన్నాళ్ళ నుంచో బిగబట్టిన ఊపిరి వదిలినట్టు బుస్సుమంది.

కింద నుంచి పెదనాన్న కేక వినబడింది. నీళ్ళెందుకు రావో చూద్దామని ఆయన కుళాయి కింద మొహం పెట్టి ఉన్నాడట. ముందు గాలి వచ్చి కళ్ళజోడు ఎగరగొట్టింది, తరువాత తుప్పునీళ్ళు తెల్లచొక్కా తడిపాయి. ఆయన వెనక్కి గెంతాకే పొగలు కక్కుతూ అసలు నీళ్ళు వచ్చాయి. మూడు గదుల్లోనూ ఒకటే హోరు.

మర్నాడు పాతపట్నం వియ్యంకుడిని మేడ మీదికి తీసుకెళ్ళి, "గాలి ఎప్పుడూ ఎత్తుకే పోతాది బావగారూ" అని పెదనాన్న గంటసేపు వివరించాడు. నా పేరు రాలేదు. పెద్దమ్మ లెక్కలో నీళ్ళొచ్చింది మనవరాలి జాతకం వల్ల. ఎవరేమనుకున్నా నాకు ఫరవా లేదు గానీ, కార్డు సంగతి వచ్చేసరికి పెదనాన్న "నీళ్ళు తెప్పించమన్నాను గానీ కుండ పగలగొట్టమన్నానా?" అని మెలిక పెట్టబోయాడు. "నీళ్ళొచ్చాయా లేదా, అది సెప్పు" అని కొట్లో, గిరాకీల ముందే నిలదీశాను. చీర కొంటున్న ముసలమ్మ ఒకావిడ, అప్పుడే తలంటుకుని వచ్చిన ఆయన జుట్టు చూసి, "రాకపోతే నీ తల తడెందుకున్నాది నాయినా, సెప్పీ" అంది. ఆయన నవ్వేశాడు. నేను మాత్రం నవ్వకుండా నేరుగా లైబ్రరీకి నడిచాను.

లైబ్రేరియన్ గారు పుస్తకం అందుకుని, ఉబ్బిపోయిన పేజీలూ, వాటి మీద తుప్పు మరకలూ చూసి గుండె పట్టుకున్నారు. "ఇదేటమ్మా, ఇంతలా పాడుసేసినావు?"

"పాడు చెయ్యలేదండీ. వాడాను" అన్నాను. ఆ రెండు అధ్యాయాల కోసం దాన్నే మళ్ళీ నా కార్డు మీద రాయించుకుని తెచ్చేసుకున్నాను.

ఇప్పుడు నేను తీసుకున్న పుస్తకాలకి అట్టలు వేసి, మడత పడకుండా చదివి, గడువు కన్నా ముందే తిరిగి ఇస్తాను. లైబ్రరీల్లో నాకు మంచి పేరుంది. ఆ మంచి పేరు తలుచుకున్నప్పుడల్లా, పద్దెనిమిదేళ్ళ ఆ పొగరుబోతు గుంట బల్లకి అవతల నిలబడి నా అట్టలు చూసి నవ్వుతున్నట్టే ఉంటుంది. నవ్వనివ్వండి. దానికి ఆ హక్కుంది.