తక్కువ మార్కుకి వంతులు

శనివారం మధ్యాహ్నం మూడూ నలభైకి, సింగపూర్ పాయా లేబర్‌లో మా ఫ్లాట్‌లో, భోజనాల బల్ల దగ్గర జరిగింది ఇది. టైము ఎందుకు గుర్తుందంటే, నాలుగింటికల్లా మార్కులు పంపకపోతే ఇక తీసుకోనని కంప్యూటరే తెర మీద గడియారం పెట్టి మరీ బెదిరిస్తోంది.

కంప్యూటర్ తెలిస్తే చాలు, దేవుడి కింద లెక్క, ఆ రోజుల్లో. సైన్స్ పార్క్‌లో పనికని విమానాల నిండా మన కుర్రాళ్ళు దిగేవారు. మా మనవరాలి మెడికల్ కాలేజీకీ ఆ పిచ్చి అంటుకుంది. పాఠం ఇంటి దగ్గరే చదువుకు రావాలట. క్లాసులో ఐదుగురేసి జట్టుగా కూర్చుని, మాట్లాడుకుని, ఒకే జవాబు నొక్కాలట. అంతవరకు నాకూ బాగానే ఉంది. ఆపైన జట్టులోవాళ్ళే ఒకరికొకరు మార్కులు వేసుకోవాలి, ఎవరు ఎంత వేశారో బయటపడకుండా. అందరికీ సమానంగా వేస్తే సిస్టమ్ ఒప్పుకోదు. ఒకరికి తక్కువ పడి తీరాలి.

దీనికి ఈ కాబోయే డాక్టర్లు కనిపెట్టిన వైద్యం ఏమిటో తెలుసా? వంతులు! ఈసారి తక్కువ నీకు, పైసారి నాకు. అంట్లు తోమడానికి వంతులేసుకున్నట్టు కాగితం మీద రాసుకున్నారు.

ఆ శనివారం ఆఖరి విడత, జట్టంతా మా ఇంట్లోనే చేరింది. వంతు మా పిల్లది. అంతకుముందే జట్టు నాయకుడి వంతు కూడా ఇదే మోసింది, వాడికేదో ఇంటర్వ్యూ ఉందంటే. తక్కువ మార్కు రెండోసారి పడితే ఆ సబ్జెక్టు మొత్తం మళ్ళీ చదవాలి. జట్టులో చదివి వెళ్ళేది ఇదొక్కతే. ఇది చెప్పిన జవాబు నొక్కి పేరు కొట్టేసేవాడు ఆ నాయకుడు.

"ఇదేం పనిరా?" అన్నాను నాయకుడితో.

"సిస్టమ్‌ని మేనేజ్ చెయ్యడం అంకుల్," అన్నాడు, నేను వేయించిన పకోడీలు నములుతూ. హైదరాబాద్ వాళ్ళబ్బాయి, తల్లీ తండ్రీ సాఫ్ట్‌వేరు.

"చదవకుండా వచ్చేదెవడో మీకు తెలుసుగా. వాడికి వెయ్యండి."

"హర్ట్ అవుతారు కదా అంకుల్."

"కాలు తీసెయ్యాలని రోగికి చెప్పాల్సొచ్చినా వంతులేసుకుంటారా?"

మా మనవరాలు నా చెయ్యి పట్టుకుని, ఇక్కడి వాళ్ళలాగే మాట చివర ఓ 'లా' తగిలించి అంది: "తాతయ్యా, ఊరుకో లా. ఐ యామ్ ఓకే."

వాళ్ళకంటే దీని మీదే ఎక్కువ ఒళ్ళు మండింది నాకు. నలభై దాటాక అక్షరాలు దిద్దినవాణ్ణి. దిద్దించింది రెండో తరగతి చదివే నా కూతురు, అంటే దీనమ్మ. "తప్పు నాన్నా, చెరుపు" అని మొహం మీదే అనేది. నేనేం చచ్చిపోలేదు. చదవడం వచ్చింది.

"ఓకే అయితే, నువ్వు వేసే మార్కులు పైకి చదువు," అన్నాను. "వాళ్ళ మొహాలు చూస్తూ."

తెర మీద అంకెలన్నీ నింపింది. గడియారంలో పది నిమిషాలున్నాయి. అప్పుడు తలెత్తి, ముందు మిగతా ముగ్గురివీ ఇంగ్లీషులో చదివింది. ఆఖరున నాయకుడి వైపు తిరిగి తెలుగులోనే అంది: "నీకు తక్కువ వేస్తున్నా. ఒక్కసారి కూడా చదివి రాలేదు నువ్వు." నొక్కేసింది.

పకోడీ నమలడం ఆగిపోయింది. లాప్‌టాప్‌ల వెనక తలలు దాచుకుని టకటకా కొట్టి, సంచులు సర్దుకుని లేచారు. ఎంత మర్యాదో! "థాంక్యూ అంకుల్" అని చెప్పి మరీ వెళ్ళారు.

వారం తిరిగేసరికి ఫలితాల్లో తేలింది, దీని పేరు కింద నాలుగు తక్కువ మార్కులు. నలుగురికి నలుగురూ వంతు ప్రకారం దీనికే తక్కువ వేశారు. మా పిల్ల ఆ సబ్జెక్టు మళ్ళీ చదివింది. వాళ్ళు పాసైపోయారు, ఎక్కడో నాడి పట్టుకునే ఉంటారు.

ఎవరు వేశారో సిస్టమ్ బయటపెట్టదు గనక నేనే చెబుతున్నా, ఆ రోజు మా బల్ల దగ్గర ఉన్నది వీళ్ళు: హైదరాబాద్ నాయకుడు, వాడు ఏమన్నా తలూపే పొడుగు కుర్రాడు, మా పిల్ల రాసుకున్న నోట్సు వారం వారం పట్టుకెళ్ళే కళ్ళజోడు పిల్ల, వచ్చింది మొదలు వెళ్ళేదాకా నోరు విప్పని ఇంకో పిల్ల, నేను, మా మనవరాలు.