పైపు మీద ఒక్క దెబ్బ

దెయ్యాలంటే నాకు నవ్వు. విజయనగరం జిల్లాలో ఓ చిన్న మున్సిపాలిటీలో నీళ్ల లైన్ల మీద ఫిట్టరుగా పనిచేస్తున్నాను. శ్మశానం గోడ పక్కనున్న వాల్వు తిప్పేదీ నేనే. ఇన్నేళ్లలో నన్ను భయపెట్టినవి వాల్వు గుంటల్లో చుట్టుకుని పడుకునే పాములే.

పైపుల్లో తుప్పూ మట్టీ పేరుకుంటాయి. అందుకని అప్పుడప్పుడూ లైను కడుగుతాం. పైన వాల్వు తెరిస్తే నీళ్లు జోరుగా పోయి, లైను చివర గెడ్డలోకి, అంటే వాగులోకి, ఎర్రగా దూకుతాయి. తేటనీరు వచ్చేదాకా వదిలి కట్టేస్తాం. పై వాల్వు దగ్గర నేను, గెడ్డ దగ్గర మా అక్క భర్త, పైడిరాజు బావ. ఒకరికొకరం కనపడం. బావకి ఫోనంటే చిరాకు. స్పానరుతో పైపు మీద కొట్టేవాడు. పాత ఇనప లైను కదా, ఆ దెబ్బ అంతదూరం నుంచీ వాల్వు తిప్పడానికి నా చేతిలో ఉన్న ఇనప కీలోకి వచ్చేది. రెండు దెబ్బలు పడితే తెరవాలి. ఒక్క దెబ్బ పడితే కట్టెయ్యాలి. ఆ ఒక్క దెబ్బ తర్వాత పైపు మీద గర్రుమని ఓ గీకు గీకేవాడు.

అదెందుకు బావా అంటే, "నానే కొట్టినానని నీకు తెలియాల గదేటి" అనేవాడు.

బావ నిరుడు గుండెపోటుతో పోయాడు. ఆ ఉద్యోగం మా అక్కకి ఇచ్చారు. ఆయన నిలబడిన చోటే నిలబడతానని అక్క అదే లైను అడిగి తీసుకుంది. అప్పటికే లైను మధ్యలో పగిలిన ముక్క తీసేసి ప్లాస్టిక్ పైపు వేశారు. ఇక దెబ్బ ఇటు రాదు. అక్కా నేనూ కొట్టి చూసుకున్నాం కూడా, ఏమీ వినపడలేదు. అందుకే అక్క మిస్డ్ కాల్ ఇస్తే తెరుస్తాను, మళ్లీ ఇస్తే కట్టేస్తాను.

మొన్న వేసవిలో ఓ పొద్దున మిస్డ్ కాల్ వచ్చింది. కీ పెట్టి తిప్పడం మొదలుపెట్టాను. వాల్వు కాస్త తెరుచుకుందో లేదో, అరచేతుల్లో ఠంగుమని ఒక్క దెబ్బ తగిలింది. ఆ వెంటనే గర్రుమని గీకు.

ఏమీ ఆలోచించకుండా కట్టేశాను. ఫోన్ చేస్తే అక్క ఎత్తలేదు. బండి తీసి ఒకటే పరుగు.

అక్క గెడ్డలో, సరిగ్గా పైపు మూతికి ఎదురుగా కూర్చుండిపోయి ఉంది. మనిషి కదలడం చూశాకే నా ప్రాణం లేచొచ్చింది. మిస్డ్ కాల్ ఇచ్చాక మూతికి అడ్డంపడ్డ ప్లాస్టిక్ సంచులు చూసి, నీళ్లొచ్చేలోగా లాగేద్దామని దిగిందట. కాలు రాళ్ల మధ్య ఇరుక్కుంది. ఫోనూ స్పానరూ గట్టు మీదే ఉండిపోయాయి. నేను వాల్వు మొత్తం తెరిచి ఉంటే, ఆ జోరుకి మా అక్క నాకు దక్కేది కాదు.

"పైపు మీద కొట్టినావా?" అని అడిగాను.

"ఏటితో కొడతానురా? సేతిలో ఏటున్నాది?" అంది.

కాలు విడిపించి బండెక్కించాక ఆ గీకు సంగతి చెప్పాను. అక్క ఏడవలేదు. "గీకినాడా?" అని మాత్రం దారంతా అడుగుతూనే ఉంది.

పైపులో గాలి చేరిందన్నారు మా ఇంజనీరుగారు. గాలి చేరితే దెబ్బలు వినపడతాయి, నిజమే. గాలి గీకడం మాత్రం నేనెప్పుడూ వినలేదు. ఎంత ఆలోచించినా నాకు తేలలేదు, తేలుతుందన్న ఆశ కూడా లేదు.

ఇప్పుడు లైను కడిగిన ప్రతిసారీ, పనయ్యాక, అక్క స్పానరుతో పైపు మీద ఒక్క దెబ్బ కొట్టి, గర్రుమని గీకి వస్తుంది. ప్లాస్టిక్ ముక్క దాటి అది నాకు వినపడదే అన్నాను ఓసారి.

"నీకోసం ఎవులు కొడతన్నార్రా?" అంది.