నా ఏడుపు, బావ వేలంపాట

ఆ రోజుల్లో నాకు ఒకటే పిచ్చి, జనాన్ని ఏడిపించాలి. ఇప్పుడు తలుచుకుంటేనే నీరసం వస్తుంది గానీ, ఇరవై రెండేళ్ల వయసులో అంతకు మించిన ఆశయం ఉంటుందనిపించలేదు. ఆరేళ్లప్పుడు జ్వరం తగిలి నా వినికిడి పోయింది. అప్పట్నుంచీ నన్ను చూసి ‘అయ్యో పాపం’ అన్నవాళ్లు బోలెడుమంది. (వినపడకపోయినా ఆ మాట ముఖాల మీద చక్కగా తెలిసిపోతుంది.) ఆ జాలి నాకు అక్కర్లేదు. ఏడిస్తే నేను వేసిన పాత్రను చూసి ఏడవాలి, నన్ను చూసి కాదు. అదీ నా పంతం.

మా బధిరుల నాటక బృందంలో ఎక్కువమంది ఆటోనగర్ షెడ్లలో పనిచేసేవాళ్లే. ఆదివారం రిహార్సల్సూ అక్కడే. పక్కన రేకులు బాదుతున్నా నిశ్చింతగా నాటకం సాగించగలిగిన బృందం ఊళ్లో మాదొక్కటే. మేం చేతులతో మాట్లాడుతుంటే, వినే ప్రేక్షకుల కోసం తెర పక్కన ఒకరు కూర్చుని ఆ మాటలు మైకులో చదవాలి. ఆ పనికి మా అక్క మొగుణ్ని పట్టుకొచ్చాను. బావ ఫిషింగ్ హార్బర్‌లో చేపల వేలం పాడేవాడు. గొంతు విప్పితే అవతలి జెట్టీ దాకా వినిపిస్తుందట. (అక్క చెప్పింది. గొప్పగా చెప్పిందో, విసుగ్గా చెప్పిందో గుర్తులేదు.) బావకు సైగలు అంతంతమాత్రం. నాతో ఏమన్నా చెప్పాలంటే మాట్లాడినట్టే కాయితం మీద రాసి ఇచ్చేవాడు.

హార్బర్ పక్క మైదానంలో ఒక సాయంత్రం మా నాటకం. వేటకెళ్లి తిరిగిరాని కొడుకు కోసం ఒడ్డున ఎదురుచూసే ముసలివాడి వేషం నాది. చివరి ఘట్టంలో కొడుకు వల రెండు చేతులా పైకెత్తి సముద్రానికి చూపించాను. గుండెలు బాదుకున్నాను. వేలు చాచి కెరటాలను నిలదీశాను. లైట్లు కళ్లలో కొడుతుంటే జనం ముఖాలు సరిగ్గా ఆనలేదు. భుజాలు మాత్రం కనిపించాయి. అన్నీ కుదుపులే! ముందు వరసలో ఒకావిడ కొంగు నోట్లో కుక్కుకుంది. ఒకాయన కళ్లు తుడుచుకుంటున్నాడు. ఇంకేం, ఊళ్లో ఏడుపంతా నా కాళ్ల ముందే ఉందనుకున్నాను. రెండు నిమిషాల ఘట్టాన్ని పది నిమిషాలు లాగాను. నేను బాదుకున్న కొద్దీ వాళ్లు ఊగిపోయారు.

తెర పడ్డాక టీవీ నుంచి వచ్చినాయన ఒకరు పరుగున వచ్చి, నోటుపుస్తకంలో ఇలా రాసి చూపించారు: “ఇంత నవ్వి ఎన్నాళ్లయిందో! మా హాస్య కార్యక్రమంలో చేస్తారా?”

ఆ నోటుపుస్తకం లాక్కుని అక్క దగ్గరకు పరుగెత్తాను. అక్కను నిలదీస్తే, మధ్యమధ్య కడుపు పట్టుకుని నవ్వుతూ సైగల్లో చెప్పింది. నేను వల ఎత్తినప్పుడు బావ వేలం మొదలెట్టాడట: “వలకి రెండు సిరుగులున్నాయి, దాసీదేటి నేదు, దగ్గరకొచ్చి సూసుకోండి బాబూ!” గుండెలు బాదుకుంటే: “ఓలమ్మ, ఏటి దోమలర్రా బాబూ!” వేలు చాచి నిలదీస్తే: “ఒలే, నువ్వే! నీ బుర్ర అడ్డమొచ్చేత్తంది, ఎనక్కెల్లి కూకో!”

బావ కాలర్ పట్టుకున్నాను. బావ నా చెయ్యి విడిపించుకుని కాయితం మీద గీకాడు: “గాలికి మాటల కాయితాలు ఎగిరిపోనాయి బావా. ఏటి సెయ్యమంటావు? నోటికొచ్చింది అనీసినాను.” ఆర్నెల్లు బావ ముఖం చూడలేదు. ఎదురుపడితే తల తిప్పుకునేవాణ్ని. టీవీకి మాత్రం వెళ్లాను. (రోషం ఉండొచ్చు గానీ, దాన్ని చూసి ఎవరూ వేషం ఇవ్వరు కదా.) వారం వారం నన్ను మెట్ల మీద, అరటితొక్క మీద, ఆఖరికి పొడినేల మీద కూడా జారిపడేట్టు చేశారు. పడీపడీ మోకాళ్లు అరిగిపోయాక, సర్కారువాళ్లు కళల శాఖలో అధికారి కుర్చీ ఇచ్చారు. ఫోన్లో సిఫార్సులు వినడు కాబట్టి నిజాయితీపరుడు అని నాకు పేరు. వాట్సాప్ వచ్చి ఆ సుఖమూ పోయింది. ఇప్పుడు పొద్దస్తమానం దరఖాస్తులే. వేదికలు తక్కువ, శాలువాలు ఎక్కువ. సంతకం పెడుతున్న చెయ్యి ఒకప్పుడు వలను పైకెత్తిందంటే నాకే నమ్మకం కలగదు.

మొన్న ఒక బధిర బృందం దరఖాస్తు వచ్చింది. ‘మాటలు చదివేవారు’ అన్న గడి ఖాళీగా ఉంది. దాన్ని చూడగానే పాత మంట మళ్లీ రేగింది. ఆదివారం బావ ఇంటికి వెళ్లి, అన్నం ముందు కూర్చోబెట్టి, నిజం చెప్పమని రాసిచ్చాను. ఆ కాయితాలు గాలికే ఎగిరాయా?

బావ కళ్లజోడు వెతుక్కుని, చాలాసేపు రాశాడు. “గాలీ నేదు, గీలీ నేదు. కాయితాలు నా సేతిలోనే ఉన్నాయి. ఆకరి ఘట్టంలో మొదటి ముక్క సదివేసరికి గొంతు పూడుకుపోనాది. మైకులో ఏడిత్తే హార్బర్ అంతా ఇంటాది. మరి రేపు నా ఏలంపాట ఎవుడు ఇంటాడు? అందుకే జోకులెత్తుకున్నాను.”

నాకు ఒక్కటే అనుమానం. అదే కాయితం మీద రాసి అడిగాను: “నన్ను చూసి జాలేసిందా?”

బావ చిరాగ్గా కాయితం లాక్కున్నాడు. “నిన్నెవుడు సూసినాడు బావా? నాను ఆ ముసిలోడ్ని సూసినాను.”

ఒరే పాపిష్టి బావా! ఈ ముక్క ఆ రోజే చెబితే నీ సొమ్మేం పోయేది? ఇన్నేళ్లు జారిపడ్డాక చెబుతావా అని తిట్టాలనుకున్నాను. కానీ కళ్లు మసకేసి, అక్షరాలు కనపడలేదు. ఇది ఆనాడే తెలిసి ఉంటే ఆ కుర్ర నటుడికి కళ్లు నెత్తికెక్కేవి, వాణ్ని ఎవరూ భరించలేకపోయేవారు. ఇప్పుడు తెలిసినా, పొగరు చూపించే ఓపిక నాకు లేదు. అయినా సోమవారం పొద్దున్న మాత్రం, మోకాళ్లు సలుపుతున్నా సరే, ఆఫీసు మెట్లు కొంచెం ఛాతీ విరుచుకునే ఎక్కాను.